పొయ్యిలున్న కాన్పుల దవాఖాన

ఈ మధ్య ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. ఆ రోజుల్లోనే జిల్లా నుంచి వెళ్ళి ఈ చదువు చదివిన ఆడమనిషి ఒకావిడ ఉందని ఎవరో చెప్పి పంపుతారు. మర్యాదగా కూర్చుని, టీ తాగి, వాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మీరు చేసినవాటిలో మీకు బాగా నచ్చిన బిల్డింగ్ ఏది?" నేను పెద్ద పెద్ద ఆఫీసు భవనాల పేర్లు చెబుతానని పెన్ను పట్టుకుని ఎదురుచూస్తారు. ఆదిలాబాద్ జిల్లాలో బోథ్ వైపు ఒక ఊళ్ళో ఉన్న కాన్పుల దవాఖాన, అందులోనూ దాని వెనకున్న వంటల వసారా అని చెబితే రాసుకోవడం ఆపేస్తారు. ఆ డిజైన్‌కే కాలేజీలో నన్ను ఫెయిల్ చేశారని చెప్పాక మాత్రం పెన్నులు మళ్ళీ కదులుతాయి. ఫెయిలైన కథంటే అందరికీ ఆసక్తే.

మాది కరీంనగర్. నాన్నని బాపు అనీ, అమ్మని అవ్వ అనీ పిలిచేవాళ్ళం. బాపుకి కట్టె డిపో ఉండేది. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చిన టేకు దుంగల్ని మా ఇంటి వెనకే కోసేవాళ్ళు. ఎవరు ఎన్ని దర్వాజాలు చేయించుకున్నారు, ఎవరు కిటికీలు తగ్గించి వీధి తలుపు మాత్రం ఘనంగా పెట్టించుకున్నారు, ఇవే మా ఇంట్లో అన్నాల దగ్గర మాటలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళయింది. హైదరాబాద్‌లో ఇళ్ళు గీయడం నేర్పే చదువు ఒకటుందని తెలిసి, పోతానన్నాను. బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆయన నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. అవ్వ మాత్రం, "ఇండ్లు మేస్త్రీలు కడ్తరు గద, నువ్వేం చేస్తవ్ బిడ్డా?" అంది. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కాలేజీలో మా తరగతికి ఆడపిల్లలం ఇద్దరం. రెండో అమ్మాయి మొదటి ఏడాదే మానేసింది. తర్వాత నేనొక్కదాన్నే. డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి గీయాలి. చీర కొంగు సిరా మీద పడి గీత చెరిగితే, మొత్తం కాగితం మళ్ళీ మొదటి నుంచి. నెల తిరిగేసరికి కొంగు నడుముకి బిగించి కట్టడం అలవాటైంది. ఇప్పటికీ ఏదైనా పని మొదలుపెట్టాలంటే నా చెయ్యి ముందు నడుము దగ్గరికే పోతుంది.

మొదటి డిజైన్, బస్సు కోసం నిలబడేవాళ్ళకి ఒక షెడ్డు. చాలా అందంగా గీశాననుకున్నాను. మాకు చెప్పే చిన్న లెక్చరర్ దాన్ని చూసి, "మధ్యాహ్నం ఎండ ఎటునుంచి వస్తుంది?" అని అడిగాడు. చూపించాను. "మరి నీ షెడ్డులో వీళ్ళంతా ఎందుకు మాడిపోతున్నారు?" అన్నాడు. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఏ కాగితం మీదైనా ముందు ఉత్తరం ఎటో బాణం గుర్తు వేశాకే గోడ గీత గీసేదాన్ని.

రెండో ఏడాది, చెరువు గట్టున ఒక షావుకారు సెలవు రోజుల్లో వచ్చి ఉండే ఇల్లు. కరీంనగర్‌లో ఏ షావుకారూ సెలవు తీసుకోగా నేను చూడలేదు. ఏం గీయాలో తోచక లైబ్రరీలో విదేశీ పత్రికలు తిరగేశాను. వాటిలో ప్రతి ఇంట్లోనూ గోడలో చలిమంట గూడు, దాని మీద పొగగొట్టం. నేనూ పెట్టాను. మే నెలలో గోడలు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఊళ్ళో పుట్టి, చలిమంట ఉన్న ఇల్లు గీసి, తరగతిలో అందరికంటే మంచి మార్కులు తెచ్చుకున్నాను. పెద్ద ప్రొఫెసర్ గారు నా భుజం తట్టినంత పని చేశారు. ఆయన పైదేశంలో చదివొచ్చిన మనిషి, ఎండాకాలంలోనూ కోటు విప్పేవారు కాదు.

మూడో ఏడాది చిన్న ఊరికి కాన్పుల దవాఖాన గీయమన్నారు.

ఆ మాట వినగానే నాకు మా అక్క గుర్తొచ్చింది. అక్క మొదటి కాన్పు ఒక సర్కారు దవాఖానలో అయింది. ఏ ఊరో చెప్పను, అప్పుడు ఏ ఊళ్ళోనైనా అంతే. అక్క లోపల మంచం మీద, మేమంతా బయట గోడ వార. బాలింతకు వేడి నీళ్ళు కావాలి, పత్యం అన్నం కావాలి. అవ్వ మూడు రాళ్ళు తెచ్చి గోడ పక్కన పొయ్యి పెట్టింది. అక్కడి కాపలా జవాను వచ్చి, పెద్ద డాక్టరు వచ్చే వేళయిందని, బూటు కాలితో రాళ్ళు తన్నేశాడు. ఎసరు మీదున్న గిన్నె బోర్లపడింది. అవ్వ గిన్నె తీసుకుని రోడ్డు దాటి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇంటి తలుపు కొట్టింది. అక్క దవాఖానలో ఉన్నన్ని రోజులూ ఆ ఇంట్లోనే నీళ్ళు కాచుకుని, కొంగు మడతపెట్టి గిన్నె పట్టుకుని రోడ్డు దాటుతూ తిరిగింది. అవ్వ చేతులు బొబ్బలెక్కాయి.

అందుకని నేను గీసిన దవాఖాన మధ్యలో పెద్ద వాకిలి పెట్టాను. వాకిట్లో వరసగా పొయ్యిలు, నీళ్ళు కాచుకునే చోటు, వచ్చినవాళ్ళు పడుకోవడానికి అరుగులు. చుట్టూ నాలుగు వైపులా బాలింతల గదులు. మంచం మీదున్న బాలింత తల తిప్పితే తన తల్లి వండుతూ కనిపించాలి. అది నా ఆలోచన.

పెద్దలు చూసి మార్కులు వేసే జ్యూరీ రోజు మా డ్రాయింగులన్నీ గోడకు తగిలించారు. బల్లకు అటువైపు ప్రొఫెసర్ గారు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు. నా వంతు వచ్చాక ప్రొఫెసర్ గారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చూశారు.

"ఇవేమిటి?"

"పొయ్యిలు సార్."

ఆయన వెనక్కి తిరిగి మిగతా ఇద్దరినీ చూశారు. ముగ్గురూ నవ్వారు. "ఇది హాస్పిటలా, బండ్లు ఆగే సత్రమా?" అన్నారు ఒకాయన. ఇంకొకాయన మాత్రం నవ్వు ఆపి, సరైన ప్రశ్నలే అడిగాడు. నాలుగు వైపులా గదులుంటే పొగ ఎటు పోతుంది? వాన పడితే మధ్య వాకిట్లో నీళ్ళు ఎక్కడికి పోతాయి? నేను ఆ రెండూ ఆలోచించలేదు. నేను గీసిన దవాఖానలో పొయ్యి వెలిగిస్తే పొగంతా పసిపిల్లల మీదికే పోతుంది, పెద్ద వాన పడితే వాకిలి మడుగవుతుంది. అక్కడితో నోరు మూసుకుంటే, దిద్దుకుని రమ్మని బొటాబొటీ మార్కులతో గట్టెక్కించేవారే. కానీ ప్రొఫెసర్ గారు ఇంకా నవ్వుతున్నారు.

నాకు కోపం వస్తే నోట కరీంనగర్ మాటే వచ్చేది. "పోయినేడు చలిమంట గూడు గీస్తే మీరే మెచ్చుకుంటిరి గద సార్. గిప్పుడు పొయ్యి గీస్తే ఎందుకు నవ్వుతున్నరు?"

ఆయన కోటు బొత్తాం పెట్టుకుని, తరువాతి డ్రాయింగ్ దగ్గరికి నడిచారు.

ఫెయిలయ్యాను. ఆ ఏడాది డిజైన్‌లో ఫెయిలైంది నేనొక్కదాన్నే. నా పక్క బోర్డు అబ్బాయి గీసిన దవాఖానకి నీళ్ళ కుళాయే లేదు. అతను పాసయ్యాడు.

ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. బాపు డిపోలో దుంగ మీద కూర్చుని అంతా విన్నాడు. "ఒక్క మాట అనకుంట ఉంటే పాసైతుంటివి గద బిడ్డా?" అన్నాడు.

"అయితుంటి. కని అనకుంట ఎట్లుంట?"

"ఉంటే ఉండొచ్చు. మేము ఉంటలేమా?" అని, "ఇగ సాలు తియ్యి. ఈడనే ఉండు. డిపో సూసుకో. నీకు గా పరేషాన్ ఎందుకు?" అన్నాడు. ఆయన బాధంతా నా గురించే. నేను తలూపలేదు.

పక్కనే చేటలో బియ్యం ఏరుతున్న అవ్వ తలెత్తకుండానే అడిగింది. "గా నవ్వినోళ్ళల్ల ఎవ్వలికన్న కాన్పు అయ్యిందా?"

బాపు మళ్ళీ నవ్వి ఊరుకున్నాడు.

ఫెయిలైనవాళ్ళు కొన్ని నెలలు ఏదైనా ఇంజనీరు ఆఫీసులో ట్రెయినింగ్ చేసి, చేశామని అక్కడి పెద్దతో సంతకం పెట్టించుకుని వస్తేనే మళ్ళీ జ్యూరీకి నిలబడనిస్తారు. హైదరాబాద్‌లో నన్నెవరూ తీసుకోలేదు. ఆడపిల్ల, పైగా ప్రొఫెసర్‌కి ఎదురు చెప్పిన పిల్ల. ఆదిలాబాద్‌లో మా చిన్నమ్మ ఉండేది. ఆవిడ ఇంట్లో ఉండి, అక్కడి ఒక ఇంజనీరు ఆఫీసులో చేరాను.

ఆఫీసుకి పెద్ద, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. అందరూ ఈఈ సాబ్ అనేవాళ్ళు. నిజాం కాలం నుంచి సర్వీసులో ఉన్న మనిషి. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. కేకలేస్తే కచేరీ బయట గుర్రబ్బండివాడు కూడా లేచి నిలబడేవాడు. నన్ను చూసి, "డ్రాయింగ్ టేబుల్ మీద కూసో బేటీ. సైట్‌కు గియ్‌ట్‌కు పోకు, ధూళ్ళ ఖరాబైతవ్" అన్నాడు. నేను మర్నాడే జీపెక్కి సైట్‌కు పోయాను. ఆయన అరిచాడు. ఆ మర్నాడూ పోయాను. తర్వాత అరవడం మానేశాడు.

నా పక్క బల్ల మీద ప్లానులు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. చేతి రాత అచ్చు వేసినట్టుండేది. పాన్ నములుతూ, తల ఎత్తకుండా, ఎవరినీ వదలకుండా ఎగతాళి చేసేవాడు. మొదటి వారమే నాకు ఆఫీసు పద్ధతి చెప్పాడు. "ఈడ గియ్యమంటె గియ్యాలె. ఆలోచించుమంటె ఆలోచించాలె. నేను వచ్చినకాన్నించి ఆలోచించుమని ఎవ్వలు అన్లే." కానీ సిరా గీత ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ చెయ్యి తేలిక చేయాలో విసుక్కోకుండా చూపించాడు. ఆ చేతి తేలికతనం నాకు కాలేజీలో రాలేదు, అక్కడ వచ్చింది.

ఓవర్సీర్ల వెంట తిరిగి నేల వాలు కొలవడం నేర్చుకున్నాను. చదునుగా కనిపించే నేలలో కూడా వాలు ఉంటుందనీ, నీళ్ళకి అది తెలుసనీ, నాకే తెలియలేదనీ అర్థమైంది. గాలి ఏ నెలలో ఎటునుంచి వీస్తుందో రోజూ చూసేదాన్ని. సాయంత్రం చిన్నమ్మ ఇంటి పెరట్లో పొయ్యి వెలిగిస్తే పొగ ఎటు పోతోందో చూస్తూ నిలబడేదాన్ని. "అన్నం ఉడికిందా లేదా సూడమంటె, పొగను సూస్తవేంది పిల్లా?" అని చిన్నమ్మ తిట్టేది.

అంతలో ఆఫీసుకి ఒక పని వచ్చింది. బోథ్ వైపు ఒక ఊళ్ళో కాన్పుల వార్డు కట్టాలి. ప్లాను హైదరాబాద్ నుంచే వచ్చింది. దాన్ని టైప్ డిజైన్ అంటారు. రాష్ట్రంలో ఎక్కడ కట్టినా అదే ప్లాను, చెక్కు చెదరకూడదు. నా పని దాన్ని ట్రేసింగ్ కాగితం మీద దింపడమే. పొడుగాటి వార్డు, ముందు వరండా, ఒక పక్క నర్సు గది. పొయ్యి లేదు, వేడి నీళ్ళ మాట లేదు, వచ్చినవాళ్ళు కూర్చునే చోటు లేదు. పైగా స్థలంలో వార్డు ఎక్కడ రావాలో గుర్తు పెట్టిన మా ఓవర్సీరు, దాన్ని తూర్పు హద్దుకు ఆనించి పెట్టాడు. వెనక మనిషి నడవడానికి కూడా చోటు లేదు.

ఈఈ సాబ్ దగ్గరికి పోయాను. "సార్, దీంట్ల ఆడోళ్ళు ఎక్కడ వండుకుంటరు?"

"దేఖో బేటీ, టైప్ డిజైన్ మార్చుడు నా చేతుల గూడ లేదు. నీ చేతుల ఎట్లున్నది? పో, ట్రేస్ చెయ్యి."

ట్రేస్ చేశాను. పక్కనే ఇంకో కాగితం మీద నాది కూడా గీయడం మొదలుపెట్టాను. డ్రాఫ్ట్స్‌మన్ ఓరగా చూసి, "ఇగ ఆలోచన షురూ అయ్యింది" అన్నాడు.

ఆ ఊళ్ళో అప్పటికే ఒక నర్సు ఉండేది. అద్దె ఇంట్లో కాన్పులు చేసేది. కొత్త వార్డు ఆవిడ చేతికే వస్తుంది. నా పక్కన నిలబడుతుందని ఆశపడి, జీపు అటు వెళ్ళిన రోజు నా డ్రాయింగ్ పట్టుకుపోయి చూపించాను. ఆవిడ మండిపడింది.

"పొయ్యిలా? పచ్చి బాలింతల కాడ పొగ, బూడిద, ఎంగిలాకులు, కుక్కలు? నా వార్డులకు చీమను గూడ రానియ్య. నీకేం తెల్సు, సెప్టిక్ అయ్యి సచ్చిపోయినోళ్ళను నువ్వు చూసినవా?"

చూడలేదు. ఆ మాటే చెప్పాను. "మరి వాళ్ళు ఎక్కడ వండుకోవాలె నర్సమ్మా?"

"ఇండ్లళ్ళ వండుకొని తెచ్చుకోమను."

"ఇండ్లు ఎంత దూరం?"

దూరపు గూడేల నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే బండి కడితే చీకటి పడ్డాక గానీ చేరరు. "అందుకే కొందరు రారు," అంది గొంతు తగ్గించి. "నొప్పులు మోపయినంక, ఇగ పాణం మీదికి వచ్చినంక తెస్తరు. అప్పుడు నేనేం చేస్త?"

ఆవిడ భయాలన్నీ ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను. పొగ, బూడిద, మురుగు నీళ్ళు, కుక్కలు, చుట్టాలు వార్డులోకి తోసుకుని రావడం. ఆదిలాబాద్ తిరిగొచ్చి మళ్ళీ గీశాను. ఆ స్థలంలో గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది, నేల వాలు కూడా తూర్పుకే ఉంది. అందుకని మధ్య వాకిలి తీసేశాను. వార్డును పడమటికి, రోడ్డు వైపు జరిపాను. వెనక తూర్పున వాకిలి, వాకిలి అవతలి కొసన పొయ్యిల వసారా. పొగ వార్డు వైపు రాదు, నీళ్ళు వార్డు కిందికి రావు. వార్డుకీ వసారాకీ మధ్య భుజమెత్తు గోడ, దానికి ఒక చిన్న తలుపు. మంచం మీద లేచి కూర్చుంటే గోడ మీదుగా, నిలబడ్డ తల్లి తల కనిపిస్తుంది.

ఈసారి నర్సు డ్రాయింగ్‌ని చాలాసేపు చూసింది. "గీ తలుపు ఎందుకు?"

"కుక్కలు రాకుండ."

"గొళ్ళెం ఏ దిక్కు?"

"మీ దిక్కే."

"ఊఁ" అంది.

ఈఈ సాబ్ మాత్రం నా కాగితం వైపు చూడను కూడా చూడలేదు. ముహూర్తం పెట్టారు. జిల్లా పెద్ద ఆఫీసరు వచ్చి శంకుస్థాపన చేస్తాడు. ముందురోజే ఓవర్సీరు టైప్ డిజైన్ ప్రకారం నేల మీద సున్నంతో ముగ్గు పోయించాడు. ఇల్లు కట్టే ముందు గోడలు ఎక్కడెక్కడ వస్తాయో అలా ముగ్గు పోసి చూపిస్తారు. బయల్దేరేటప్పుడు ఈఈ సాబ్ జీపు దగ్గర నన్ను ఆపాడు. "నీ ట్రెయినింగ్ కాయితం మీద సంతకం నాది. యాద్ రఖ్. ఆడ నోరు తెరిస్తివా, సంతకం లేదు."

ఆ దారంతా టేకు చెట్ల మధ్య జీపు ఎగురుతుంటే నేను ఒకటే అనుకున్నాను. సంతకం లేకపోతే జ్యూరీ లేదు. జ్యూరీ లేకపోతే చదువు లేదు. బాపు డిపోలో దుంగల లెక్కే. కళ్ళు మూసుకుంటే బోర్లపడ్డ గిన్నె కనిపించేది.

స్థలం దగ్గర చిన్న పందిరి, మామిడాకులు, మేళం. ఊరి వాళ్ళే కాకుండా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు కూడా చాలామంది వచ్చారు, నిండు నెలల వాళ్ళతో సహా. ఆఫీసరు ఇంకా రాలేదు. ఆడవాళ్ళు ఒక పక్కగా నిలబడి, గీతల వైపు అయోమయంగా చూస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడని అంతా ఆయి అని పిలుస్తున్నారు. అటువైపు మరాఠీ పద్ధతిలో పెద్దవాళ్ళని అలాగే అంటారు. నేను కొంగు నడుముకి దోపి, ఆవిడ చెయ్యి పట్టుకుని ముగ్గులోకి తీసుకొచ్చాను.

"ఆయీ, ఇది తలుపు. ఇట్ల లోపటికి రా. ఇది మంచం. నీ కోడలిని పండబెట్టు."

ఆవిడ ముచ్చటపడి, నిండు నెలల కోడల్ని పిలిచింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ వచ్చి సున్నపు గీతల మధ్య కూర్చుంది. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి ఒక్కో మంచం చోట కూర్చున్నారు. ఆట లాగా నవ్వులు మొదలయ్యాయి.

"ఇగ నువ్వు యాడ కూసుంటవ్ ఆయీ?" అని అడిగాను.

ఆవిడ చుట్టూ చూసింది. "ఈడ కూసుంట, దాని కాళ్ళకాడ."

"కూసోనియ్యరు. ఆడ నర్సమ్మ తిరగాలె."

"అయితె గా ఎనుక దిక్కు."

"ఎనుక గోడ. గోడ ఎనుక వేరేటోళ్ళ జాగ."

"మరి పొయ్యి?"

ఆవిడ అటూ ఇటూ రెండు అడుగులు వేసింది. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ కోడల్ని చెయ్యి పట్టి లేపింది. "లే బిడ్డా. గిది మనకు కాదు. ఇంటికి పోదాం."

అప్పుడే ఇంకో జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు దిగి, ముగ్గులో కూర్చున్న ఆడవాళ్ళనూ, లేచి పోతున్న ఆయినీ చూసి ఏమిటని అడిగాడు. ఈఈ సాబ్ మొహం ఎర్రబడింది. "కుఛ్ నహీ సర్, మా ట్రెయినీ అమ్మాయి. పిల్లతనం," అని నన్ను కళ్ళతోనే పక్కకు పొమ్మన్నాడు.

నేను కదల్లేదు. "పిల్లతనం కాదు సార్. ఈ వార్డు కడితే వీళ్ళు రారు. ఇప్పుడే లేచి పోతున్నరు, చూడండి" అన్నాను. నా డ్రాయింగ్ విప్పి చెప్పాల్సిందంతా చెప్పాను.

ఆఫీసరు అంతా విని, నర్సు వైపు తిరిగాడు. "పొయ్యిలుంటే పొగ, మురికి. మీరేమంటారు?"

ఆవిడ ఏమంటుందో నాకు నిజంగా తెలియదు. ఆవిడ తెల్ల చీర కొంగు సర్దుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "పొగ నాకు పడదు సార్. గీ పిల్ల గీసినదాంట్ల పొగ నా దిక్కు రాదు. మీ ప్లానుల గూడ పొగ రాదు. కని ఆడోళ్ళు గూడ రారు."

ఆఫీసరు నవ్వలేదు. రెండు ప్లానులూ హైదరాబాద్ పంపిద్దామన్నాడు. పంపితే ఇక తిరిగి రాదని ఆఫీసులో కూర్చున్న ఆ కొన్ని నెలల్లోనే నాకు తెలిసింది.

"వద్దు సార్," అన్నాను. "వార్డు మీ ప్లాను ప్రకారమే కట్టండి. ఒక్క ఇటుక మార్చకండి. జర రోడ్డు దిక్కు జరిపి కట్టండి, అంతే. ఎనుక జాగ ఉంటే వసారా తర్వాత ఎప్పుడన్న కట్టొచ్చు. జాగనే లేకపోతే ఎన్నటికీ కట్టలేం."

ఆయన ఈఈ సాబ్‌ని చూశాడు. "జరిపితే టైప్ డిజైన్ మార్చినట్టా?"

మేళం వాళ్ళు కూడా చూస్తూ నిలబడ్డారు. ఈఈ సాబ్ టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "లేదు సర్," అన్నాడు చివరికి. "డిజైన్ అదే. జాగా వేరే."

ఓవర్సీరు చీపురు తెప్పించాడు. ముగ్గు చెరిపారు. కొత్త ముగ్గు పోస్తుంటే టేపు ఒక కొసన నేను, రెండో కొసన ఈఈ సాబ్. ఆయన ఆదిలాబాద్ చేరాక జీపు దిగుతూ అన్నాడు. "సంతకం చేస్త. కాని మల్ల నా ఆఫీసుకు రాకు. రెండోపారి తట్టుకునే తాకత్ నాకు లేదు."

వార్డు కట్టడం మొదలైంది. వెనక వసారా కోసం ఆయన ఆ తర్వాత పైవాళ్ళతో పోట్లాడి మరీ మంజూరు చేయించాడని డ్రాఫ్ట్స్‌మన్ చెప్పాడు.

మళ్ళీ జ్యూరీ రోజు. కొత్త విషయం ఎంచుకోవచ్చని కాలేజీవాళ్ళు చెప్పారు. పోస్టాఫీసు గీయమని స్నేహితులు బతిమాలారు. నేను గోడకు తగిలించింది కాన్పుల దవాఖానే. ప్రొఫెసర్ గారు అదే కోటులో వచ్చి, ఆగి, "మళ్ళీ ఇదేనా?" అన్నారు.

"ఇదే సార్."

"పొయ్యిలు కూడా?"

"ఇంకొన్ని ఎక్కువ పెట్టాను సార్."

పొగ గురించి అడిగారు. గాలి బాణం చూపించాను. నీళ్ళ గురించి అడిగారు. వాలు కొలతలు చూపించాను. కుక్కల గురించి వాళ్ళు అడగలేదు, నేనే చెప్పాను. గీతల్లో వంక పెట్టడానికి ఆయన భూతద్దం తీసి మరీ చూశారు. చివరికి, "అంతా బాగానే ఉంది, కానీ దీన్ని హాస్పిటల్ అనలేం" అన్నారు.

"అనకండి సార్. కాన్పులైతే చాలు."

పాసు మార్కులే వేశారు. ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు. ఆ మార్కుల కాగితం చూసి నా కింద పనిచేసిన పిల్లలు చాలామంది తర్వాత జాలిపడ్డారు. నాకు ఎప్పుడూ జాలి కలగలేదు. ఇంటికొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. మిమ్మల్ని చూసి కూడా ఎవరో నవ్వుతారు. గీతల్లో తప్పుంటే ఆ రోజే దిద్దుకోండి, వాళ్ళకి దండం పెట్టండి. గీసిన విషయం చూసే నవ్వితే మాత్రం మళ్ళీ అదే గీయండి, ఇంకా పెద్ద కాగితం మీద.

చదువయ్యాక, మొదటి ఉద్యోగంలో చేరే ముందు, బస్సెక్కి ఆ ఊరికి పోయాను. వార్డు సున్నం వేసి తెల్లగా ఉంది. వెనక వసారా నేను గీసినంత పొడుగు లేదు. మధ్య గోడ భుజమెత్తు కాకుండా మొలెత్తే కట్టారు. అయినా పొయ్యిలన్నీ వెలుగుతున్నాయి. ఎవరో గంజి వారుస్తున్నారు, ఎవరో కాగులో నీళ్ళు తోడుతున్నారు, ఒక ముసలావిడ అరుగు మీద పసిదానికి నూనె రాస్తోంది. పొగ నిటారుగా లేచి తూర్పుకి వంగి పోతోంది. నేను అలా చూస్తూ నిలబడ్డాను.

నర్సు నన్ను గుర్తుపట్టి గబగబా వచ్చింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"వచ్చినవా? మంచిగైంది. నీ పొయ్యిల కాడ రోజు లొల్లి. పొద్దుగాల నాదంటె నాదని కొట్లాడుతున్నరు. సాలుతలేవు. గంతమంది వస్తున్నరు. ఇంజనీరువు గద, ఇంకొన్ని కట్టియ్యి."

"నేను ఇంజనీరును కాదు నర్సమ్మా, ఆర్కిటెక్టును."

"ఏదైతేంది? కట్టియ్యి."

కొంగు నడుముకి దోపి, సంచిలోంచి టేపు తీసి, ఒక కొస ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ గొణుక్కుంటూనే పట్టుకుని గోడ వరకూ నడిచింది.